పేరు మంచంలో ఉన్నవాళ్ళది

ఆ రోజు హర్తాళ్. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అన్నీ బంద్. ఏ పార్టీ పిలిచిందో ఇప్పుడు గుర్తు లేదు. ముందురోజు సాయంత్రం కోళ్ళ దుకాణం ముందు జనం బారులు తీరితే రేపు హర్తాళ్ అనుకుంటాం, కారణం తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాం. మా వైపు అంతే.

వాన మాత్రం బాగా గుర్తుంది. తెల్లారినా తెల్లారినట్టు లేదు. మా ఇల్లు వైక్కంలో, కాలువ పక్కన. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, ఆటో లేదు. పెంకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు, పక్క గదిలో అమ్మూమ్మ దగ్గు, నా లాప్‌టాప్ ఫ్యాను రొద. ఇంకేమీ లేదు.

అమ్మూమ్మ అంటే మా అమ్మ తల్లి. భార్గవి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాలుగేళ్ళుగా మంచంలో ఉంది. మూడేళ్ళుగా నా పేరు మర్చిపోయింది. నన్ను మర్చిపోలేదు. నా చెయ్యి తగిలితే గుర్తుపడుతుంది, గంజిలో ఉప్పు తక్కువైతే తిడుతుంది. పేరు మాత్రం రాదు. 'మోళే' అంటుంది. ఏ ఆడపిల్లనైనా మా దగ్గర అలాగే పిలుస్తారు, బిడ్డా అన్నట్టు.

"నేనెవరు అమ్మూమ్మా?"

"మోళ్‌వి కదా."

"మోళ్ పేరేంటి?"

కళ్ళు పైకప్పుకేసి పెట్టి వెతుక్కునేది. పెదాలు కదిలేవి. చివరికి అలిసిపోయి, "రేపు చెబుతాలే" అనేది. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలని ఆ మంచం పట్టె పట్టుకుని ఎన్ని రాత్రులు కూర్చున్నానో నాకే తెలుసు.

నేను పన్నెండో తరగతితో ఆపేశాను. కంప్యూటర్ పని నేర్పినవాళ్ళు లేరు. ఊళ్ళో సర్కారు కాగితాలు చేసిపెట్టే అక్షయ కేంద్రంలో జనానికి ఫారాలు నింపుతూ, మొరాయించే ప్రింటర్లు విప్పుతూ, రాత్రుళ్ళు వీడియోలు చూస్తూ పట్టుకున్నాను. కాక్కనాడ్‌లో ఒక చిన్న కంపెనీ ఉద్యోగమిచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటర్లని దూరంనుంచి సరిచెయ్యడం. అమ్మూమ్మని వదిలి కదలక్కర్లేని ఉద్యోగం ఇంకోటి నాకు దొరకదు. ఆ సంగతి మేం అన్నా అన్నట్టు రెజి చేట్టన్ అని పిలిచే మా టీమ్ పెద్దకి నాకన్నా బాగా తెలుసు.

"ప్రజితా, నీ దగ్గర లేనిది డిగ్రీ. ఉన్నది టైము. కనీసం టైముకైనా పని చెయ్యి," అంటాడు నెలకోసారి.

ఆ రోజు పని ఒక సొసైటీది. పేరు రాయను. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుళ్ళు కడిగి, మందులిచ్చి, కాసేపు మాట్లాడి వచ్చే నర్సుల సొసైటీ. నాలుగు సెంటర్లు, పద్నాలుగు కంప్యూటర్లు. ఒక్కో నర్సు ఫోన్లో ఒక్కో తీరుగా నంబర్లున్నాయి. అన్నీ కలిపి ఒకే జాబితా చెయ్యాలి. ఆ జాబితా పద్నాలుగింటిలోనూ దానంతటదే కనబడాలి. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి. కాంటాక్ట్స్ సింక్ అంటాం. అప్పుడు ఏ సెంటర్‌కి ఎవరు ఫోన్ చేసినా స్క్రీన్ మీద పేరు పడుతుంది.

"పిల్లలాట," అన్నాడు రెజి చేట్టన్. "సెంటర్లన్నీ మూసుంటాయి. కంప్యూటర్లు ఆన్‌లో వదిలి వెళ్ళమన్నాను. నీకు అడ్డొచ్చే ప్రాణి ఉండదు. ఆరుకల్లా అవ్వాలి."

ఆ జాబితాలో మా అమ్మూమ్మ కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట చేర్చుకోవడానికి ఏలిక్కుట్టి సిస్టర్ వచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్లచీర, డెటాల్ వాసన. ఎండాకాలంలో కూడా చంకలో గొడుగు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఒకే ఒక్క వేలితో టైపు చేసేది.

"నెమ్మదిగా చెప్పు మోళే, నాకున్నది ఒక్క వేలు," అంది. అమ్మూమ్మ పేరు ఒక్కో అక్షరం ఆపి ఆపి చెప్పాను. నా ఫోన్ నంబరు చెప్పాను. నా పేరు కూడా చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ పేరు అక్కర్లేదు. ఫోను నీది. పేరు మంచంలో ఉన్నవాళ్ళది."

అప్పట్నుంచి ప్రతి మంగళవారం వచ్చేది. మొన్న ఏప్రిల్ దాకా. ఒక ఇంటికి వెళ్ళొస్తూ పడవ దిగబోయి కాలువలో జారిపడిందట. ఈత రాదు. లాప్‌టాప్ సంచి మాత్రం పడవలోనే పొడిగా ఉండిపోయింది.

ఉదయం ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాను. జాబితా తెరవగానే తల దిమ్మెక్కింది. పదకొండు వందల పేర్లు. అందులో మూడువందల నలభై పేర్ల ముందు ఇంగ్లీషు జెడ్ అక్షరం. జెడ్ అచ్చమ్మ. జెడ్ అమ్మిణి. జెడ్ చాక్కో. ఏ ఫోన్ నుంచి దిగుమతి అయినప్పుడు అంటుకున్న చెత్తో అనుకున్నాను. ఇలాంటివి రోజూ చూస్తాం. చుక్కలు, గీతలు, కోతి బొమ్మలు. ఎవర్నీ అడగలేదు. రెండు వరసల ప్రోగ్రామ్ రాసి జెడ్‌లన్నీ ఒక్క దెబ్బకి పీకేశాను. మూడువందల నలభై పేర్లూ వెళ్ళి మిగతావాటిలో కలిసిపోయాయి. జాబితా శుభ్రంగా కనబడింది. గర్వంగా కూడా అనిపించింది, ఎందుకు దాచాలి.

ఆ తర్వాతే నరకం.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక్క మాట. దూరంనుంచి కంప్యూటర్‌కి ఆజ్ఞ పంపడమంటే తాలూకాఫీసులో దరఖాస్తు పడేసి రావడమే. అందిందని రసీదొస్తుంది. ఎప్పుడు చదువుతుందో, చదివినా చేస్తుందో లేదో మన చేతిలో ఉండదు. 'పెండింగ్' అని ఒక పసుప్పచ్చ చుక్క చూపిస్తుంది. పదింటికి ఐదు కంప్యూటర్లు ఆకుపచ్చ అయ్యాయి. ఒకటి పాస్‌వర్డ్ అడిగింది. ఇంకోటి ఆకుపచ్చ అయ్యి, నేను టీ పెట్టుకుని వచ్చేలోపు మళ్ళీ పసుప్పచ్చ అయింది. స్క్రీన్ మీద చెయ్యి విసరబోయి ఆగాను. అది నా సొంత డబ్బుతో కొన్నది.

పన్నెండున్నరకి పదమూడు ఆకుపచ్చ. పద్నాలుగోది బూడిద రంగులో ఉంది. అంటే ఆన్‌లో లేదు.

ఇంకా మొండి విషయం ఏంటంటే, ఒక్కో కంప్యూటర్ మీద 'ఈ జాబితాని వాడుకోనివ్వాలా?' అని ఒక ప్రశ్న వస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి 'సరే' నొక్కాలి. మనుషులు లేరు కాబట్టి పదమూడింటికీ నేనే పైనుంచి సమ్మతి ఇచ్చేశాను. ఆఫ్‌లో ఉన్నదానికి అది కుదరదు. రేపు చూద్దాంలే అని అమ్మూమ్మకి గంజి పట్టడానికి లేచాను.

తిరిగొచ్చి చూస్తే పద్నాలుగోది ఆకుపచ్చ.

కింద ఒక వరస. 'వాడుకరి సమ్మతించారు. 1:22.'

వాడుకరి అంటే ఎదురుగా కూర్చున్న మనిషి.

నాకు మొదట వచ్చింది కోపం. హర్తాళ్ అని చెప్పి ఎవరో సెంటర్ తెరిచారు, నాకు చెప్పలేదు. నర్సుల పెద్ద ఓమన చేచికి, అంటే ఓమన అక్కకి, ఫోన్ చేశాను. వెనక కుక్కర్ కూత, టీవీ.

"చేచీ, సెంటర్లో ఎవరున్నారు?"

"ఈ వానలో ఎవరుంటారు మోళే? తాళంచెవి నా నడుముకే ఉంది. నేనిక్కడ బీఫ్ వేపుతున్నా. వస్తావా?"

"పద్నాలుగో కంప్యూటర్ ఆన్ అయింది. ఎవరో సరే నొక్కారు."

"పద్నాలుగా?" కుక్కర్ ఇంకోసారి కూసింది. "పద్నాలుగు ఏలిక్కుట్టి సిస్టర్ లాప్‌టాప్. ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏప్రిల్ నుంచి దాన్ని తాకలేదు ఎవరూ. సరిగ్గా చూడు, నీ లెక్క తప్పయి ఉంటుంది."

ఏదో ఒకటి మాట్లాడాలని, "జాబితా బాగు చేశాను చేచీ, పేర్ల ముందు ఆ జెడ్‌ల చెత్తంతా తీసేశాను," అన్నాను.

అటువైపు టీవీ ఆగిపోయింది.

"ఏం తీశావు?"

"జెడ్‌లు..."

"అయ్యో దేవుడా! ఎవర్నడిగి తీశావు? వాళ్ళు చచ్చిపోయినవాళ్ళు!"

అప్పుడు చెప్పింది. మనిషి పోయాక నంబరు తీసెయ్యరట. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు, మంచం తిరిగివ్వడానికో, మిగిలిన మందులివ్వడానికో, ఊరికే ఏడవడానికో. నంబరు ఎవరిదో తెలియక 'నాన్న ఎలా ఉన్నారు' అని అడిగితే ఎంత ఘోరం! అందుకని పేరు ముందు జెడ్ పెడతారు. పేరు జాబితా అడుక్కి వెళ్ళిపోతుంది. ఉంటుంది కానీ కంటికి అడ్డురాదు. ఈ పద్ధతి పెట్టింది ఏలిక్కుట్టి సిస్టరే. ఆవిడ తప్ప ఇంకెవరూ ఆ అక్షరం పెట్టేవాళ్ళు కాదట. శవానికి స్నానం చేయించి, ఇంటికొచ్చి, తనూ స్నానం చేసి, అప్పుడు పెట్టేదట.

"ఆవిడ పోయాక ఎవరు పెడుతున్నారు?"

"ఎవరూ పెట్టట్లేదు మోళే," అంది ఓమన చేచి గొంతు తగ్గించి. "ఆవిడ పేరుకే పెట్టలేదింకా. చెయ్యి రాలేదు."

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏప్రిల్లో, సిస్టర్ పోయిన నాలుగో రోజున, ఆవిడ లాగిన్ మూసెయ్యమని నాకు పని వచ్చింది. ఆ రోజు అమ్మూమ్మకి జ్వరం. రెజి చేట్టన్ రెండుసార్లు కసిరాడు. నేను 'పూర్తయింది' అని కొట్టేశాను. పూర్తి చెయ్యలేదు. తర్వాత చేద్దామనుకున్నాను, మర్చిపోయాను. చచ్చిపోయిన మనిషి తలుపు తెరిచే ఉంచాను, రెండు నెలలు.

జెడ్‌లు తిరిగి పెట్టడం కష్టం కాదు, పాత నకలు ఉంది. దాన్ని వెనక్కి తెచ్చే బటన్ నొక్కాను. పెండింగ్. ఇరవైనాలుగు గంటల దాకా పట్టవచ్చట. పళ్ళు నూరుకుంటూ జాబితా తెరిచాను, చేత్తో ఎన్ని పెట్టగలిగితే అన్ని పెడదామని.

మొదటి పేరుకి అప్పటికే జెడ్ ఉంది. అచ్చమ్మ.

నేను పెట్టలేదు.

చూస్తుండగానే రెండోది. అమ్మిణి పేరు ముందు అక్షరం పడింది... ఆగింది... పేరు కిందికి జారిపోయింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత మూడోది. నెమ్మదిగా. ఒక్క వేలితో కొట్టినట్టు.

ఎవరు మారుస్తున్నారో చూపించే పేజీ ఒకటుంటుంది. తెరిచాను. వాడుకరి: ఏలిక్కుట్టి. కంప్యూటర్: 14.

లాగిన్ మూసెయ్యి అని నొక్కాను. పెండింగ్. ఆ కంప్యూటర్‌ని వెలెయ్యి అని నొక్కాను. పెండింగ్. మొత్తం చెరిపెయ్యి అని నొక్కాను. 'పరికరం స్పందించినప్పుడు అమలవుతుంది.' అరిచాను. నిజంగానే అరిచాను, స్క్రీన్ మీద. ఇప్పుడు స్పందిస్తూనే ఉంది కదే, నా కళ్ళ ముందు టైపు చేస్తోంది కదే! పక్క గదిలోంచి అమ్మూమ్మ "ఎవరితో మోళే?" అంది.

రెజి చేట్టన్‌కి ఫోన్ చేశాను.

"దెయ్యమా? హర్తాళ్ రోజు దెయ్యం కూడా డ్యూటీకి రాదే పిల్లా! ఎవడో పాస్‌వర్డ్ కొట్టేశాడు. అయినా ఆ లాగిన్ ఏప్రిల్లోనే మూశావుగా? పూర్తయింది అని నీ పేరే ఉంది ఇక్కడ."

నేను ఆ పసుప్పచ్చ చుక్కనే చూస్తున్నాను.

"మూశావా లేదా?"

"మూశాను," అన్నాను. ఉద్యోగం పోతుందని. ఇంకేం చెప్పను.

"అయితే అలా జరగడానికి వీల్లేదు. ఆరుకల్లా సరిచెయ్యి," అని పెట్టేశాడు.

కొంచెంసేపు ధైర్యం తెచ్చుకున్నాను. ఎవరైతేనేం, నా తప్పు దిద్దుతున్నారు కదా. జెడ్ పడుతున్నవాళ్ళందరూ పోయినవాళ్ళే, పాత నకలుతో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. బతికున్నవాళ్ళని వరసగా దాటుకుంటూ పోతోంది.

రెండూ పదికి ఆంటప్పన్ అనే పేరు ముందు జెడ్ పడింది.

పాత నకలులో ఆ పేరుకి జెడ్ లేదు. ఏప్రిల్ తర్వాత పోయాడేమో. పోయి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను, పాపిష్టిదాన్ని. నంబరుకి ఫోన్ చేశాను. ఆడగొంతు.

"సొసైటీ నుంచండీ. ఆంటప్పన్ గారి గురించి..."

"అప్పచ్చన్‌కేం, మా నాన్న రాజాలా ఉన్నాడు! ఈ వానలో అరటికాయ బజ్జీలు కావాలట, పంచదార పోసిన టీ కావాలట. మీరైనా చెప్పండి, మీ మాటైతే వింటాడు." వెనక ముసలి గొంతు ఏదో కేక వేసింది. ఆవిడ నవ్వింది. "వినబడిందా? సిస్టర్ వస్తే నా మీద చాడీలు చెబుతాడట."

నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ జెడ్‌ని చేత్తో చెరిపేశాను. పేరు పైకి వచ్చింది. అర నిమిషం అలాగే ఉంది. మళ్ళీ జెడ్. మళ్ళీ చెరిపాను. మళ్ళీ జెడ్... ఈసారి వెంటనే.

రెండూ ముప్ఫై ఒకటికి ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ముందు వినబడింది మాట కాదు. ఏడుపు కూడా కాదు, ఊపిరి.

"టీ గ్లాసు ఇచ్చాను... తీసుకున్నాడు... మీరు అందుకే ఫోన్ చేశారా? మీకెవరు చెప్పారు? చెప్పండి, మీకెలా తెలిసింది?"

నేను ఏం చెప్పానో గుర్తు లేదు.

స్క్రీన్ వైపు చూశాను. ఇప్పుడు బి అక్షరంలో ఉంది. బేబి... జెడ్. బాలన్... దాటేసింది. బతికే ఉన్నాడు. ఒక్కో పేరుకి అర నిమిషం. ఇంకో తొమ్మిది పేర్ల కింద భార్గవి.

అమ్మూమ్మ గదిలోకి పరుగెత్తాను. పడుకుని ఉంది. గుండె మీద చెయ్యి పెట్టాను. కొట్టుకుంటోంది. మొహం మామూలుగానే ఉంది. పెదవి చివర గంజి మెతుకు. తుడిచాను. ఆంటప్పన్ కూడా మామూలుగానే ఉన్నాడు కదా... బజ్జీలు అడిగాడు కదా...

వెనక్కి వచ్చాను. ఏడు పేర్లు.

జాబితాకి తాళం వెయ్యబోయాను. పెండింగ్. సింక్ మొత్తం ఆపెయ్యబోయాను. పెండింగ్. మోడెం వైరు పీకేశాను. నా స్క్రీన్ చచ్చిపోయింది అంతే. అక్కడ ఆ వేలు ఆగిందో లేదో నాకెలా తెలుస్తుంది? చూడలేకపోవడం ఇంకా భయంగా ఉంది. మళ్ళీ పెట్టాను. అది వెలిగేలోపు నా ప్రాణం పోయినంత పనైంది.

రెండు పేర్లు.

వాసన వచ్చింది అప్పుడే. తడిసిన గొడుగు వాసన. దాని వెనకే డెటాల్.

భార్గవమ్మ... పక్క ఊరావిడ. దాటేసింది.

భార్గవి.

పేరు చుట్టూ సన్నటి గీత పడింది. కింద చిన్న అక్షరాలతో, 'మరొకరు ఇక్కడ రాస్తున్నారు.'

నేను ఆగి చూడలేదు. ఆ పేరు ముందు ఆవిడ జెడ్ పెట్టేదా, బాలన్‌ని దాటినట్టు దాటేసేదా... నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు. తీసెయ్యి అని నొక్కాను. 'ఖాయమా?' ఖాయమే. పోయింది. ఆ రోజంతటిలో నేను నొక్కగానే జరిగిన పని అదొక్కటే.

స్క్రీన్ మీద ఏమీ కదల్లేదు. ఒక నిమిషం. రెండు. వాన హోరు... పెంకు సందులోంచి నేల మీద ఒక్కో చుక్క... అది పెంకుల దగ్గర కాదు. అమ్మూమ్మ గదిలో. పైకప్పు కారని గది అది.

"మోళే," అంది అమ్మూమ్మ గుసగుసగా. "ఆవిడకి పీట వెయ్యి. కాళ్ళు తడిగా ఉన్నాయి."

నేను లేవలేదు. గుమ్మంలోంచి మంచం తలగడ వైపు మాత్రం కనబడుతుంది. అమ్మూమ్మ తల పక్కకి తిప్పి, పై నుంచి ఎవరో వంగి మాట్లాడుతుంటే వింటున్నట్టుంది. తల ఊపింది. ఆలోచించింది. కళ్ళు పైకప్పుకేసి... పెదాలు కదిలాయి.

"గుర్తు రావట్లేదు సిస్టర్," అంది చివరికి. "రేపు చెబుతాలే."

స్క్రీన్ మీద మళ్ళీ కదలిక. చాక్కో. జెడ్.

ఆరింటికి హర్తాళ్ అయిపోయింది. రోడ్డు మీద మొదటి ఆటో హారన్ వినబడగానే, ఎందుకో, ఏడుపొచ్చింది. ఓమన చేచిని బతిమాలి సెంటర్‌కి పంపాను. వీడియోలో చూపించింది. సెంటర్ తాళం వేసే ఉంది. ఇనప బీరువా తాళం వేసే ఉంది. లోపల లాప్‌టాప్, దాని మీద సన్నటి దుమ్ము. చార్జర్ విడిగా, తీగ చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. మూత తెరిచి బటన్ నొక్కింది. వెలగలేదు. బ్యాటరీ ఏనాడో అడుగంటింది.

"చూశావా, నీ లెక్కే తప్పు," అని మూత వెయ్యబోయి ఆగింది. వేలితో ఒక మీట తాకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎడమవైపు, కింద వరసలో మొదటి మీట. జెడ్.

"ఇదొక్కటే తడిగా ఉందేంటి మోళే? కాలువ నీళ్ళ వాసన."

పాత నకలు తెచ్చే పని రద్దు చేసి చూస్తే జాబితాలో మూడువందల యాభై మూడు జెడ్‌లు ఉన్నాయి. ఏప్రిల్ తర్వాత పోయినవాళ్ళు పదకొండుమందని ఓమన చేచి లెక్క చెప్పింది, ఆంటప్పన్‌తో కలిపి మూడువందల యాభై రెండు కావాలి. అడుక్కి వెళ్ళి చూశాను. చిట్టచివర, జెడ్ అక్షరం, దాని పక్కన ఖాళీ. పేరు లేదు. ఎదురుగా ఒక ఫోన్ నంబరు.

నాది.

ఇదంతా జరిగి పంతొమ్మిది రోజులు. సిస్టర్ లాగిన్ మూసేశాను, నిజంగానే మూశాను. లాప్‌టాప్‌ని వేరే కంపెనీవాళ్ళు వచ్చి విప్పి ముక్కలు చేసి పట్టుకెళ్ళారు. రెజి చేట్టన్‌కి ఏప్రిల్ సంగతి చెప్పేశాను. నెల జీతం కోశాడు కానీ ఉద్యోగం ఉంచాడు. "దెయ్యాలకి లాగిన్ ఇచ్చే సపోర్టు కంపెనీ మనదొక్కటే," అన్నాడు. నవ్వలేదు.

ఆ ఖాళీ పేరు మాత్రం పోదు. తీసేస్తే తెల్లారేసరికి ఉంటుంది. నేను దాంట్లో ఒక పేరు రాసేస్తే సరిపోతుందని నాకు తెలుసు. ఫోను నాది, పేరు మంచంలో ఉన్నవాళ్ళది. ఆవిడ నియమం అది. అక్కడినుంచి పేరు తీసింది నేను. తిరిగి పెట్టాల్సిందీ నేనే. ఎనభై మూడేళ్ళ మనిషి, నాలుగేళ్ళ మంచం, ఎవరూ తప్పు పట్టరు... ఒక రాత్రి బి దాకా కొట్టాను. అవును, కొట్టాను. చెరిపేసి, వెళ్ళి అమ్మూమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. ఎవరికీ చెప్పనిది అదే. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అమ్మూమ్మ ఈ పంతొమ్మిది రోజుల్లో తేరుకుంది. గంజి రెండోసారి అడుగుతోంది. ప్రతి మధ్యాహ్నం నేల తడుస్తుంది, తుడుస్తాను. "సిస్టర్ నీ పేరు అడిగింది మోళే," అంటుంది. "ఏం చెప్పావు?" అంటాను. "గుర్తు రాలేదు. రేపన్నాను." నేను ఇప్పుడు ఆవిడ ముందు నా పేరు ఎవర్నీ పలకనివ్వను. పాలవాడికీ చెప్పాను, పక్కింటివాళ్ళకీ చెప్పాను. గోడ మీద నా స్కూలు సర్టిఫికెట్ తీసేశాను. 'నేనెవరు అమ్మూమ్మా' అని మూడేళ్ళు అడిగిన నోటితోనే, గుర్తు రానివ్వకు దేవుడా అని మొక్కుతున్నాను.

ఇప్పుడు రెండున్నర. వాన వెలిసింది. జాబితా తెరిచే ఉంది, రాస్తూ మధ్యమధ్యలో చూస్తున్నాను. ఇందాకటిదాకా ఆ చివరి వరస మామూలుగానే ఉంది. ఇప్పుడే దాని చుట్టూ సన్నటి గీత పడింది. కింద చిన్న అక్షరాలు.

'మరొకరు ఇక్కడ రాస్తున్నారు.'

పక్క గదిలో అమ్మూమ్మ మేలుకుంది. మాట్లాడుతోంది. గొంతు చాలా సంతోషంగా ఉంది, పోయిన వస్తువేదో దొరికినట్టు.

నా పేరు చెబుతోంది. మూడేళ్ళ తర్వాత. ఒక్కో అక్షరం ఆపి ఆపి... ఒక్క వేలితో రాసుకునేవాళ్ళకి చెప్పినట్టు...